ఎర్లీన్ ఒక్కతే మిగిలిన ఆదివారం

“ముట్టలేదు,” అంది ఒడాలీ, పైన కప్పిన గుడ్డ కూడా తీయని పళ్ళెం తెచ్చి వంటింటి బల్ల మీద పెడుతూ. “నిన్నటిదీ అంతే, ఇవాళ్టిదీ అంతే. కాఫీ ఒక్కటే తాగింది. అదీ నేను గుమ్మం దగ్గర పెట్టి ఇవతలికి వచ్చేశాక.”

ఆమె మొగుడు ఎల్రే తల ఎత్తలేదు. “ఏమన్నా అందా?”

“‘మీ మీద కోపం లేదు, వెళ్ళు ఒడాలీ’ అంది. తిట్టినా బావుండేది. ఎర్లీన్ వదిన తిట్టకుండా ఉండటం నా పెళ్ళయ్యాక ఇదే మొదలు.”

ఎల్రే తండ్రి ఒవీద్ కిటికీ పక్కన కూర్చుని కోత అయిపోయిన వరిచేను వైపు చూస్తున్నాడు. క్రాఫిష్ అనే మంచినీటి రొయ్యల కోసం చేలోకి మళ్ళీ నీళ్ళు పెట్టారు. మోళ్ళ మధ్య కొంగలు దిగుతున్నాయి. ఆయన ముందు గ్రేవీ కలిపిన అన్నం చల్లారిపోతోంది.

“కట్టుడు పళ్ళు పెట్టుకో నాన్నా. చప్పరిస్తే ఏం కడుపు నిండుతుంది?” అన్నాడు ఎల్రే.

“వద్దు.”

“ఎన్నాళ్ళిలా?”

“వద్దన్నానా!” అన్నాడు ముసలాయన. పళ్ళు లేని నోట్లోంచి ఆ కోపం కూడా మెత్తగానే వచ్చింది.

బయట ట్రక్కు ఆగిన చప్పుడైంది. తలుపు వేసిన చప్పుడు దానికంటే గట్టిగా వినిపించింది. ఒడాలీ మొగుడి వైపు చూసింది.

“వచ్చాడు,” అంది.

ఎల్రే అక్క ఎర్లీన్ భర్త డ్యూయీ సముద్రం మీద చమురు బావుల దగ్గర పని చేస్తాడు. కబురు అందినా, ఒడ్డుకు పడవ దొరికేసరికి ఇన్నాళ్ళు పట్టింది. బూట్ల బురద కూడా దులుపుకోకుండా వంటింట్లోకి వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు.

“ఎక్కడుంది?”

“అత్తయ్య గదిలో, అన్నయ్యా. లోపల గడియ పెట్టుకుంది.”

అతను నడవలోకి వెళ్ళాడు. తలుపు మీద మెల్లగా తట్టాడు. అంత మనిషి అంత మెల్లగా తట్టడం విని ఎల్రే కళ్ళు మూసుకున్నాడు.

“ఎర్లీన్, నేను. డ్యూయీని.”

తర్వాత లోపలి నుంచి మాట వినబడింది. ఏడుపు లేని, అలసిపోయిన గొంతు.

“నువ్వెళ్ళిపో డ్యూయీ. నువ్వు ప్రభువు రాకడకు సిద్ధంగా ఉన్నవాడివి. నా పక్కనుండి పాడవకు.”

డ్యూయీ తిరిగి వచ్చి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

“ఈ బుద్ధి ఎవరికి పుట్టింది?”

“నాకే బావా,” అన్నాడు ఎల్రే.

“అయితే నువ్వే చెప్పు. ఫోన్లో మీ ఆవిడ ఏడుస్తూ చెప్పింది. సగం అర్థం కాలేదు.”

ఎల్రే చెప్పాడు. ఆదివారం పూజ అయ్యాక అందరూ ఈ బల్ల దగ్గరే చేరారు. కతోలిక గుడి మాని డ్యూయీ చర్చిలో చేరిన అక్క మళ్ళీ అదే మొదలుపెట్టింది. రేడియో బోధకుడు లెక్క కట్టి చెప్పాడట, వచ్చే వసంతం లోపే రాకడ. రక్షణ పొందినవాళ్ళు రెప్పపాటులో ఆకాశానికి ఎత్తబడతారు. మిగిలినవాళ్ళకు మహాశ్రమలు. ‘ఒకరోజు మీరు మా ఇంటికొస్తారు. నా కాఫీ ఇంకా పొగలు కక్కుతూ ఉంటుంది, నేనుండను. జపమాలలు చేత పట్టుకుని మీరంతా ఇక్కడే ఉండిపోతారు. నాన్నా, నువ్వు కూడా.’ అలా అని, మీగడ తెస్తానని కూడలి అంగడికి వెళ్ళింది.

“అప్పుడు అన్నాను. ఎవరు మిగిలిపోతారో చూద్దాం అన్నాను.”

“తర్వాత?”

“పొయ్యి ఆర్పలేదు. రేడియో ఆపలేదు. మనుషులు ఎత్తబడి బట్టలు మిగిలినట్టు చొక్కాలు విప్పి కుర్చీలకు తొడిగాం. కింద చెప్పులు పెట్టాం. పిల్లల గౌన్లు, టోపీలు… నాన్న…”

“నేను పళ్ళు తీసి పళ్ళెంలో పెట్టాను,” అన్నాడు ఒవీద్ కిటికీ వైపే చూస్తూ. “పిల్లలు నవ్వారు. వాళ్ళు నవ్వుతుంటే నాకూ సరదా వేసింది.”

“సరదా!” అన్నాడు డ్యూయీ. “బొమ్మల ముందు కొవ్వొత్తులు వెలిగించేది చాలక ఇప్పుడు రాకడతోనే ఆటలు మొదలెట్టారా?”

“బొమ్మల జోలికి రాకు అన్నయ్యా,” అంది ఒడాలీ. “మేం చేసింది తప్పు, ఒప్పుకుంటాం. కానీ మీ రేకుల చర్చి బోధకుడు కూడా పోయినేడు ఇదే చెప్పాడు. ఎలాగూ పోతాం కదా అని మీ ఇంటి కప్పు కూడా బాగుచేయించలేదు. వానొస్తే మంచం చుట్టూ బక్కెట్లు పెట్టుకుని పడుకుంటున్నారు. ఆ మనిషి ఎన్నాళ్ళ నుంచి భయంలో నానుతోందో నీకు తెలుసా?”

డ్యూయీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కోపం దిగిపోయాక మొహంలో భయం ఒక్కటే మిగిలింది.

“ఒక్కటి చెప్పండి,” అన్నాడు. “ఖాళీ ఇల్లు చూస్తే, వీళ్ళెక్కడికి పోయారని వెతకాలి. తమాషా చేస్తున్నారని తిట్టాలి. మీరంతా ఎత్తబడ్డారనీ, తనొక్కతే మిగిలిపోయిందనీ ఎందుకనుకుంది? నా భార్య రక్షణ పొందిన మనిషి. మిమ్మల్ని చూసి ఆ మాట అనుకునేవాళ్ళెవరు?”

మరోరోజైతే ఒడాలీ దీనికి దీటుగా ఏదో అనేది. ఈసారి ముట్టని పళ్ళెం మీద గుడ్డ సర్దింది.

“తమాషా అని తెలిశాక కూడా తలుపు తీయదెందుకు?” అన్నాడు డ్యూయీ మళ్ళీ.

ఎందుకో ఆ ఇంట్లో ఎల్రే ఒక్కడికే తెలుసు.

*

ఆ ఆదివారం అందరూ ట్రాక్టరు షెడ్డులో దాక్కున్నారు. ఎల్రే మాత్రం వంటింటి పక్కన సామాన్ల గదిలో, అంజీరు జామ్ సీసాల మధ్య నిలబడ్డాడు. అక్క మొహం ఎలా మారుతుందో తలుపు సందులోంచి చూడాలని.

చూశాడు.

ఎర్లీన్ మొదట నవ్వింది. “ఒరే ఎల్రే, చాల్లే బయటికి రా” అని పిలిచింది. ఒక్కో గదీ తిరిగి వచ్చింది. పొంగుతున్న అన్నం గిన్నె చూసింది. తండ్రి పళ్ళెంలో పళ్ళు చూసింది. ఆ పళ్ళెం రెండు చేతులతో ఎత్తుకుని, “నాన్నా” అంది. అంతే, నేల మీద కూర్చుండిపోయింది.

తర్వాత ఆమె అరిచిన మాటలు అతని చెవుల్లో ఇంకా తిరుగుతున్నాయి.

“అమ్మా, నువ్వు అడిగావు. గుడి గురువుగారిని పిలవమని అడిగావు. నేను ఫోన్ చెయ్యలేదు. ఫోన్ పక్కనే ఉంది, చెయ్యలేదు. చేశానని నాన్నకు అబద్ధం చెప్పాను. అందుకే నన్ను ఒదిలేశాడు. దేవుడా, నాన్నను తీసుకుని నన్ను ఒదిలేశావు.”

ఇంకా చాలా అంది. తల్లి చివరి మధ్యాహ్నం గురించి అన్నీ అంది.

పోయిన వసంతంలో వాళ్ళ అమ్మ అజెలీ చనిపోయిన రోజు పెద్ద వాన. గట్టు తెగేలా ఉందని ఒవీద్, ఎల్రే చేలోకి పరిగెత్తారు. ఎర్లీన్ ఒక్కతే మంచం దగ్గర ఉంది. వాళ్ళు తిరిగి వచ్చేసరికి అజెలీ లేదు. ‘ఫాదర్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నాను నాన్నా, మోగి మోగి ఆగిపోయింది, ఎవరూ ఎత్తలేదు’ అంది ఎర్లీన్. చనిపోయే ముందు గురువు నూనె రాసే అవస్థ అభ్యంగనం లేకుండా, చివరి సత్ప్రసాదం లేకుండా భార్య పోయిందని ఒవీద్ గుడికి వెళ్ళడమే మానేశాడు. గట్టు కోసం పోయిన తనను తిట్టుకున్నాడు. ఫోన్ ఎత్తని గురువును తిట్టాడు.

సామాన్ల గదిలో ఎల్రే చెయ్యి తలుపు గొళ్ళెం మీదే ఉంది. తోస్తే చాలు. “అక్కా, నేనిక్కడే ఉన్నాను” అంటే చాలు. అతను తోయలేదు. ఆ మాటలు తను విన్నట్టు ఆమెకు తెలుస్తుందని సిగ్గుపడ్డాడు. ఆమె లేచి పెరట్లోకి పరిగెత్తేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పెరట్లో పిల్లలు కేకలు వేస్తూ షెడ్డులోంచి బయటికొచ్చారు. అప్పుడామె వాళ్ళను చూసిన చూపులో సంతోషం లేదు.

తమాషాకు ఎలాగో క్షమాపణ చెప్పుకోవచ్చు. ఆ గొళ్ళెం దగ్గర నిలబడిపోయిన సంగతి ఎవరికి చెప్పుకోవాలో అతనికి తెలియలేదు.

*

ఊరి కతోలిక గురువు ఫాదర్ లెడూ శ్మశానం ప్రహరీకి సున్నం కొడుతున్నారు. సమాధుల్ని ఆశీర్వదించే సకల పునీతుల పండుగ దగ్గరికొచ్చింది. ఊరివాళ్ళు అక్కడక్కడా సమాధులు తెల్లగా చేసుకుంటున్నారు. అజెలీ సమాధి దగ్గర ఎవరూ లేరు. ఈ ఏడు తన భార్య సమాధిని ఆ గురువు ఆశీర్వదించడానికి వీల్లేదని ఒవీద్ ముందే కబురు పంపాడు.

“బ్రష్షు ఇంకోటుంది, అందుకో,” అన్నారు ఫాదర్. ఎల్రే అందుకున్నాడు. కాసేపు ఇద్దరూ గోడకు సున్నం కొట్టారు.

“ఊరంతా తెలిసినట్టుంది,” అన్నాడు ఎల్రే.

“పళ్ళ సంగతితో సహా.”

“నవ్వుతున్నారా?”

“మొదట నవ్వారు.”

ఎల్రే బ్రష్షు ఆపాడు. “ఫాదర్, ఎత్తబడటం అని అక్క చెప్పేది… మనం నమ్ముతామా, నమ్మమా? నేను నలభై ఏళ్ళ నుంచి పూజకొస్తున్నాను. సరిగ్గా జవాబు చెప్పలేక ఎగతాళి చేశాను.”

“రాకడను నమ్ముతాం. సజీవులకూ మృతులకూ తీర్పు చేయ వస్తాడని ప్రతి ఆదివారం నీ నోటితోనే చెప్తున్నావు. రహస్యంగా ఓసారి వచ్చి కొందరిని ఎత్తుకుపోయి, తర్వాత మళ్ళీ ఇంకోసారి వస్తాడన్నది మాత్రం మన విశ్వాసం కాదు. వచ్చేది ఒక్కసారే, లోకమంతా చూస్తుండగా. ఆ రోజు ఎప్పుడో ఎవరికీ తెలియదు. రేడియోవాళ్ళకు అసలు తెలియదు.”

“మరి మేఘాల్లోకి ఎత్తబడి ఆయన్ను కలుసుకుంటామని బైబిల్లో పౌలు రాశాడట కదా. అక్క వేలుపెట్టి చూపిస్తుంది.”

“రాశాడు. బిషప్ గారు వచ్చినప్పుడు మనమేం చేస్తాం? బ్యాండు పెట్టుకుని కాలువ వంతెన దాకా ఎదురెళ్తాం. ఎదురెళ్ళినవాళ్ళం ఆయన కారెక్కి ఆయన ఊరు పోతామా? ఆయన్ను మన ఊళ్ళోకి తెచ్చుకుంటాం. రాజుకు ఎదురెళ్ళడం అది. ఇల్లొదిలి పారిపోవడం కాదు.”

“ఒకరు తీసుకోబడతారు, ఒకరు విడువబడతారు అని…”

“నోవా రోజుల్లోలా అని కూడా ఉంది అక్కడే. వరద ఎవరిని తీసుకుపోయింది? మిగిలింది ఎవరు? వాననీటి కింద బతికే మనకు చెప్పాలా! విడువబడటం శాపమేనని అంత ధీమాగా ఎవరూ చెప్పలేరు ఎల్రే. ఆ మాట పట్టుకుని భయపెట్టేవాళ్ళకూ తెలియదు.”

ఎల్రేకు కొంచెం ఊరట కలగబోయింది. ఫాదర్ బ్రష్షు బక్కెట్లో పెట్టి అతని వైపు తిరిగారు.

“అయితే ఇది నీ అక్కకు చెప్పవలసిన మాట. నువ్వు చెప్పలేదు. ఆమె భయం తప్పని చూపించడానికి ఆమెను ఇంకా భయపెట్టావు. మన అమ్మమ్మలు మూడురోజుల చీకటి వస్తుందని కిటికీలకు దుప్పట్లు కట్టి కూర్చోలేదూ? మా అమ్మమ్మ మాట విని నేను మంచం కింద దూరాను. ఇంకొకరి భయాన్ని చూసి నవ్వే అర్హత మనకెక్కడిది?”

ఎల్రే తల వంచుకున్నాడు.

“మీ నాన్న బావున్నాడా? వీధిలో నన్ను చూస్తే అటు తిరిగిపోతాడు. తప్పు పట్టను,” అన్నారు ఫాదర్. “ఆ రోజు వాన మొదలయ్యేదాకా నేను తోటలో చిక్కుళ్ళు నాటుతున్నాను. మీ అక్క ఫోన్ అప్పుడే మోగి ఉంటుంది. ఈ చెవులు అప్పటికే సరిగా లేవు. తర్వాత అది పెట్టించాను.” గురువుల ఇంటి గోడకు, తోట వైపు బిగించిన పెద్ద ఇత్తడి గంట చూపించారు. “ఇప్పుడు ఫోన్ మోగితే వీధి చివరి దాకా వినిపిస్తుంది. ఏం లాభం? అజెలీకి వినిపించలేదు.”

ఆ ఫోన్ మోగలేదు అన్న మాట ఎల్రే నాలుక చివరి దాకా వచ్చింది. అది తను తలుపు చాటున నిలబడి దొంగిలించిన మాట. చెప్తే అక్కను పట్టిచ్చినట్టు. చెప్పకపోతే, ఈ ముసలి గురువు చెయ్యని తప్పును మోస్తూ పోతాడు.

“మా ఇంటికి రండి ఫాదర్,” అన్నాడు చివరికి.

*

ఒవీద్ వసారాలో ఉన్నాడు. కొడుకు ట్రక్కులోంచి నల్ల అంగీ దిగడం చూసి కుర్చీలోంచి లేచాడు.

“అక్కడే ఆగండి,” అన్నాడు.

ఫాదర్ లెడూ మొదటి మెట్టు మీదే ఆగారు. గుమ్మంలో ఒడాలీ, ఆమె వెనక డ్యూయీ. అజెలీ గది కిటికీ ఆ వసారాలోకే ఉంది. తెర వేసి ఉంది గాని కిటికీ రెక్కలు తెరిచే ఉన్నాయి.

“నాన్నా, అక్క కోసం తీసుకొచ్చాను.”

“మీ అమ్మ కోసం రాని మనిషి మీ అక్క కోసం ఎందుకు వచ్చినట్టు?” అన్నాడు ఒవీద్. “మా అజెలీ పెళ్ళినాటి నుంచీ మీ గుడి బలిపీఠం గుడ్డలు ఉతికింది ఫాదర్. ఒక్కసారి, ఒక్కసారి మీరు కావలసి వచ్చారు. రాలేదు.”

ఫాదర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. “నిజమే ఒవీద్. నాకు వినబడలేదు. అప్పుడే వచ్చి క్షమాపణ అడగవలసింది. నీ మొహం చూడ్డానికి భయపడ్డాను. ఇప్పుడు అడుగుతున్నాను.”

ఎల్రే ఒక అడుగు ముందుకు వేశాడు. “నాన్నా, ఆయన్ను…” అని ఆగిపోయాడు. మాట మళ్ళీ అక్కడే అడ్డుపడింది.

లోపల గడియ తీసిన చప్పుడైంది.

ఎర్లీన్ నడవలోంచి వచ్చింది. ఒడాలీ, డ్యూయీ పక్కకు తప్పుకున్నారు. జుట్టు విరబోసుకుని ఉంది. కాళ్ళకు చెప్పుల్లేవు. డ్యూయీ చెయ్యి చాపితే అది పట్టుకోలేదు. నేరుగా తండ్రికీ గురువుకూ మధ్యకు వెళ్ళి నిలబడింది.

“ఆయన చేత ఎందుకు అడిగిస్తున్నావు నాన్నా? ఫోన్ మోగలేదు.”

“ఏమిటమ్మాయ్?”

“నేను చెయ్యలేదు. అమ్మ తన పుట్టింటి ఫ్రెంచిలో అడిగింది, గురువుగారిని పిలువు అని. నాకు బాగానే అర్థమైంది. నూనె రాస్తే ఎవరూ మోక్షానికి పోరు అమ్మా, ప్రభువును నమ్ముకో చాలు అన్నాను. ఆయన వస్తే అమ్మ ఆ నూనెనే నమ్ముకుని పోతుందేమో, నా ప్రార్థన పాడవుతుందేమో అనుకున్నాను. మీరు తడుస్తూ వచ్చి ‘ఫాదర్ ఏరీ’ అనగానే నోటికి అబద్ధం వచ్చేసింది.”

కొంగలు లేచి చేను అవతలికి ఎగిరాయి. ఎవరూ అటు చూడలేదు.

“ఆ నూనె ఉట్టి మూఢనమ్మకమని చెప్పింది నేను మావయ్యా,” అన్నాడు డ్యూయీ. “ఎప్పుడూ అదే చెప్పేవాణ్ణి ఆమెకు.”

“నువ్వు చెప్పావు,” అంది ఎర్లీన్ అతని వైపు తిరగకుండా. “మంచం పక్కన కూర్చున్నది నేను.”

ఒవీద్ వసారా స్తంభం పట్టుకున్నాడు. తొట్రుపడతాడేమోనని ఎల్రే దగ్గరకు వెళ్ళాడు. ముసలాయన కొడుకు చెయ్యి తోసేశాడు.

“నేను గట్టు కోసం పోయాననుకున్నాను,” అన్నాడు. ఆ మాట ఎవరితో అంటున్నాడో తెలియలేదు. “నాలుగు బస్తాల వడ్ల కోసం దాని ఆత్మను పోగొట్టాననుకున్నాను. గుడి గడప తొక్కలేదు. ఫాదర్, మిమ్మల్ని నేను…”

“అది వదిలెయ్యి ఒవీద్. అజెలీ ఆత్మ పోలేదు,” అన్నారు ఫాదర్ లెడూ. “నేను వచ్చేదాకా దేవుడు వాకిట్లో ఆగిపోయేవాడు కాదు. ఆమె అడిగింది. అడిగే నోరు మూసినవాళ్ళున్నారేమో గాని, ఆ కోరిక వినకుండా ఆయన చెవులు మూసినవాళ్ళెవరూ లేరు. ఇది నిన్ను ఓదార్చడానికి అంటున్న మాట కాదు. మన కతోలిక తిరుసభ నేర్పిన మాట.”

తర్వాత ఎర్లీన్ వైపు చూశారు. “నిన్ను ఎవరూ ఒదిలిపెట్టలేదమ్మా. ఒదిలేసినవాళ్ళకు ఇంత నొప్పి ఉండదు.”

ఎర్లీన్ మొహం చేతుల్లో దాచుకుంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఒడాలీ వెళ్ళి ఆమె భుజాల చుట్టూ చేతులు వేసింది. ఆదివారం మొదలైన గొడవ ఇంతటితో ఒక కొలిక్కి వచ్చిందని ఎల్రే అనుకున్నాడు. గట్టిగా ఊపిరి వదిలాడు.

ఒవీద్ మాత్రం కూతురినే చూస్తున్నాడు.

“అమ్మాయ్,” అన్నాడు. గొంతులో కోపం లేదు. అది లేకపోవడానికే ఎల్రేకు భయం వేసింది. “ఒకసారి అడిగి ఊరుకుందా మీ అమ్మ?”

ఎర్లీన్ ఏడుపు ఆగింది.

“చెప్పు. ఒకసారి అడిగి, నువ్వు కాదన్నాక సరేనని ఊరుకుందా? లేకపోతే పోయేదాకా అడుగుతూనే ఉందా?”

ఎర్లీన్ పెదవులు కదిలాయి. ‘ఒకసారే నాన్నా’ అన్న రెండు ముక్కలు చాలు, ఆ ముసలి ప్రాణం ఈ పూటకు నిలబడుతుంది. ఆమె మొహంలో ఆ రెండు ముక్కలూ తయారవడం ఎల్రే చూశాడు.

ఆమె చూపు అనుకోకుండా తమ్ముడి మీద పడింది. ఎల్రే చప్పున తల దించుకున్నాడు.

అలా దించుకోవలసింది కాదు. ఆదివారం తమ్ముడు ఎక్కడ దాక్కున్నాడో, ఎంత విన్నాడో ఎర్లీన్‌కు అప్పుడే తెలిసిపోయింది. ఇక ‘ఒకసారే’ అని అబద్ధమాడటానికి లేదు.